పంతులమ్మ చదివిన కాగితం

కాగితం నిన్న సాయంత్రం నుంచీ గోడ గడియారం వెనకే ఉంది. ఇంట్లో ముగ్గురూ దాని ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతున్నారు. ఎవరూ దాని జోలికి పోవడం లేదు.

అక్కడ దోపింది తండ్రే. మిల్లు నుంచి వచ్చిన మనిషి చేతిలో పెడితే, పైనుంచి కిందిదాకా కళ్ళు నడిపి, మధ్యలో ఒకచోట కనుబొమలు ముడిచి, "సరే, చూసి ఇస్తాను" అన్నాడు. చూడటం వరకూ నిజమే. ఇరవై రెండేళ్ళుగా అద్దకం మిల్లులో బాయిలరు నడుపుతున్న ఆ మనిషి కాగితాలు చూడటంలో ఆరితేరినవాడు. ఎంతసేపు చూడాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు తల ఊపాలో ఆయనకు తెలిసినట్టు చదువుకున్న గుమాస్తాలకు కూడా తెలియదు. చదవడం ఒక్కటే రాదు.

ఆ సంగతి మిల్లులో ఒక్కడికీ తెలియదు. తెలిసింది భార్యకూ కూతురికీ.

కూతురు పదో తరగతి. ఆ వరసలోని పదకొండు ఇళ్ళలో అంత దూరం వచ్చిన పిల్ల ఇంకొకతె లేదు కాబట్టి వీధి వీధంతా ఆమెను పంతులమ్మ అంటుంది. మందు సీసా మీద ఏముందో, కరెంటువాళ్ళు తలుపుకు అంటించిపోయిన చీటీలో ఏముందో అందరికీ ఆమె నోటి ద్వారానే తెలుస్తుంది. పంతులమ్మ చదివిందంటే ఇక దానికి తిరుగులేదు. మొదట్లో ఆ పేరు పిలిస్తే మురిసిపోయేది. ఈ నాలుగు రోజులుగా ఎవరు పిలిచినా ఉలిక్కిపడుతోంది.

పొద్దున్న తండ్రి కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు స్టూలెక్కి కాగితం తీసింది. రెండుసార్లు చదివింది. బాయిలరు గొట్టం పగలడానికి కారణం సహాయకుడి అజాగ్రత్త అని ఉంది. వద్దని చెప్పినా వినకుండా బొగ్గు ఎక్కువ వేశాడట. గంట గంటకూ ఆవిరి లెక్క రాసే పుస్తకంలో అంకెలన్నీ సక్రమంగా ఉన్నాయట. అందుచేత అతని వైద్యానికీ కంపెనీకీ ఏ సంబంధమూ లేదట. ఇదంతా బాయిలరు నడిపే మనిషి తన కళ్ళతో చూసి ఇష్టపూర్వకంగా చెబుతున్నట్టు రాసి, కింద సంతకానికి ఒక గీత గీసి పెట్టారు.

సహాయకుడంటే పరాయివాడు కాడు, అమ్మకు తమ్ముడు. చిన్నప్పుడు పంతులమ్మను సైకిలు మీద బడికి దింపిన మావయ్య. నాలుగు రోజులుగా మెడ నుంచి నడుము దాకా కాలిన ఒంటితో పెద్దాసుపత్రిలో బోర్లా పడుకుని ఉన్నాడు.

కాగితాన్ని ఎక్కడిదక్కడ పెట్టేసి స్టూలు దిగింది. మిగతా అబద్ధాల సంగతి ఎలా ఉన్నా, అంకెలన్నీ సక్రమంగా ఉన్నాయన్న మాట ఆమెకు మింగుడుపడలేదు. అంకెలు సక్రమంగా ఉంటే గొట్టం ఎందుకు పగులుతుంది? ఆ అంకెలు రాసింది తనే మరి.

*

తల్లి ఆసుపత్రికి వెళ్ళింది. తండ్రి పెరటి మెట్టు మీద కూర్చుని పాత పళ్ళ బ్రష్షుతో గోళ్ళలోని మసి తోముకుంటున్నాడు. నాలుగు రోజులుగా పని లేదు, బొగ్గు ముట్టింది లేదు. అయినా తోముతూనే ఉన్నాడు.

"నాన్నా, పోయిన నెల మార్చిన ఆవిరి మీటరు ఎలా ఉంటుందో ఒకసారి గీసి చూపించు" అంది పంతులమ్మ పక్కన చతికిలబడి.

"ఇప్పుడెందుకమ్మా అదంతా?"

"చెప్తాగా. గీయి."

ఆయన చెంబులో వేలు ముంచి సిమెంటు నేల మీద గుండ్రంగా ఒక సున్నా చుట్టాడు. దాని మధ్య నుంచి నిట్టనిలువుగా పైకి ఒక గీత గీశాడు. చెయ్యి తిరిగిన గీత అది. నాలుగేళ్ళుగా రోజుకు ఎనిమిదిసార్లు గీస్తున్నాడు.

అంతకు ముందు బాయిలరు గదిలో గంట గంటకూ ఆవిరి ఎంతుందో రాయడానికి వేరే గుమాస్తా ఉండేవాడు. నాలుగేళ్ళ కింద ఆయన్ని తీసేసి, ఎవరి గంటలు వాళ్ళే రాసుకోండి అన్నారు. ఆ రోజు తండ్రి ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అప్పుడు పంతులమ్మ ఆరో తరగతి. సెలవు రోజు క్యారియర్ పట్టుకుని మిల్లుకు వెళ్ళి, మీటరు మీది అంకెలన్నీ నోటుబుక్కులో గుండ్రంగా ఎక్కించుకొచ్చింది. ఉపాయం కూడా తనే చెప్పింది. గంటకొక సున్నా అట్టముక్క మీద చుట్టు, ముల్లు ఎటు చూస్తే అటు గీత గీయి, ఇంటికి పట్టుకురా, నేను రాసిపెడతా. అట్టముక్క ఖాళీ క్యారియర్‌లో వచ్చేది, పుస్తకం సంచిలో వచ్చేది. మసి చేతులతో పుస్తకం పాడవకుండా ఇంటికి తీసుకెళ్ళి శుభ్రంగా రాస్తాడట అని మేనేజరు మెచ్చుకున్నాడు. తనిఖీకి వచ్చినవాళ్ళకు ఆ పుస్తకమే తీసి చూపించేవాడు. అంత అందమైన దస్తూరీ మిల్లులో ఇంకెవరికీ లేదని నిరుడు అందరి ముందూ ఒక గోడ గడియారం బహుమతిగా ఇచ్చాడు. ఆ గడియారాన్ని తగిలించి తండ్రీ కూతుళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు.

"పైన, ముల్లు నిలబడ్డ చోట అంకె ఎలా ఉంటుంది?" అంది పంతులమ్మ.

"ఎవరు చూశారు? అద్దం నిండా మసి. ముల్లు కనబడితే చాలదా? నిలువుగా నిలబడితే సరైన ఆవిరి. కుడి పక్కకు వాలితే బొగ్గు ఆపాలి. ఇరవై రెండేళ్ళుగా అంతే కదా."

"బిగించిన రోజు మసి ఉండదు కదా నాన్నా. గుర్తు తెచ్చుకో."

తండ్రి కళ్ళు మూసుకున్నాడు. గుర్తుపెట్టుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. రాసుకోలేని మనిషి అన్నీ బుర్రలోనే దాచుకోవాలి కాబట్టి.

"రెండు సున్నాలు" అన్నాడు కళ్ళు తెరిచి. "ఒకదాని మీద ఒకటి పెట్టినట్టుంటుంది."

పంతులమ్మ తడి వేలితో పక్కన గీసింది. "ఇలాగా?"

"అదే."

ఆమె లేచి లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. నాలుగేళ్ళనాటి పేజీ చేతి జిడ్డుకు పసుపుపచ్చగా మారింది. సున్నా పైభాగాన, నిట్టనిలువు గీత తగిలే చోట, ఆరో తరగతి చేతిరాతలో ఒక అంకె ఉంది.

"పాతదానిలో ఇక్కడ ఐదు నాన్నా. నువ్విప్పుడు చెప్పింది ఎనిమిది."

"అయితే?"

"పాత మీటరు పది దాకా ఉండేది. కొత్తది ఇంకా పెద్ద లెక్కది. పదహారు దాకా ఉండి ఉంటుంది. అందుకే ముల్లు నిలువుగా ఉందంటే ఐదు కాదు, ఎనిమిది. నువ్వు నెల రోజులుగా ఆవిరి ఒత్తిడి ఐదు కేజీలనుకుని ఎనిమిది కేజీల మీద నడిపావు."

తండ్రి చేతిలోని బ్రష్షు ఆగింది. నేల మీద నీటి గీతలు అప్పుడే ఆరిపోతున్నాయి. ఆయన వాటినే చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు పుస్తకంలో ఐదనే రాశావు కదా" అన్నాడు చివరికి.

"నువ్వు నిలువు గీతే గీసుకొచ్చావు కదా."

ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచలేదు. ఒకరినొకరు నాలుగు మాటలనుకుని ఉంటే కాస్త తేలికపడేవారేమో.

"మార్చినప్పుడు నీకేం చెప్పలేదా?" అంది పంతులమ్మ.

"మెకానిక్కు గోడకో కాగితం అంటించి పోయాడు. కొత్త మీటరు గురించి అంతా ఇందులో ఉంది, చదివి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను."

"ఏముందని అడగలేదా?"

"ఏమని అడగమంటావు? ఇరవై రెండేళ్ళు మేస్త్రీగా ఉండి, నాకు అక్షరం ముక్క రాదు బాబూ, చదివి పెట్టు అనమంటావా? బంగారంలాంటి పుస్తకం రాసేవాణ్ణి నేను. గడియారం ఇచ్చారు."

"నాకైనా చెప్పొచ్చు కదా నాన్నా."

తండ్రి కూతురి వైపు చూడలేదు.

"చెప్పానమ్మా. మీటరు మార్చారు, ఒకసారి వచ్చి చూడు అన్నాను. లెక్కల పరీక్ష, కదిలించొద్దు అన్నావు. తల ఎత్తకుండానే అన్నావు."

పంతులమ్మకు గుర్తొచ్చింది. లెక్కల పుస్తకం, ఎంతకీ తెగని లెక్క, తలుపు దగ్గర క్యారియర్‌తో నిలబడ్డ తండ్రి. ఆ పరీక్షలో తొంభై ఒకటి వచ్చింది.

"ఆవిరి ఎక్కువైతే వదిలెయ్యాల్సిన మూత ఒకటుంది" అన్నాడు తండ్రి తనలో తను అనుకుంటున్నట్టు. "అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఏడాదైంది. మీ మావయ్య రెండుసార్లు చెప్పాడు. ఎవరూ చెవిన వేసుకోలేదు. అది పనిచేసి ఉంటే ఎనిమిదైనా ఎంతైనా ఊది వదిలేసేది. కాగితంలో ఉందా ఆ మాట?"

"లేదు."

"అంటే చదివావన్నమాట." ఆయన కూతురి మొహంలోకి చూశాడు. "ఏముంది?"

"తప్పంతా మావయ్యదేనట. అతని వైద్యంతో కంపెనీకి సంబంధం లేదట. నువ్వు చెప్పినట్టు రాశారు."

తండ్రి బ్రష్షును చెంబులో పడేశాడు. "సంతకం పెట్టను. చచ్చినా పెట్టను" అన్నాడు.

"పెట్టకపోతే పుస్తకం తీస్తారు. గోడ మీది కాగితం తీస్తారు. కిందున్నది నీ సంతకమే. పుస్తకం నువ్వే రాశావని రుజువు చెయ్యడానికి నాలుగు ముక్కలు రాయమంటారు."

"రాయలేను."

"రాయలేవు."

"అప్పుడు రాసిందెవరని అడుగుతారు" అన్నాడు తండ్రి. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చాక ఇద్దరూ దాని దగ్గరే ఆగిపోయారు. ఊళ్ళో ఆ దస్తూరీ ఎవరిదో చెప్పడానికి ఎంత సేపు? బడిలో గోడల మీద నీతి వాక్యాలన్నీ పంతులమ్మ రాసినవే.

"నువ్వు చదువుకున్నదానివి" అన్నాడాయన లేస్తూ. "నువ్వెలా చెప్తే అలా చేస్తాను."

పదహారేళ్ళ పిల్ల మీద అంత బరువు పెట్టి ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. ఈ నాలుగేళ్ళూ ఆ ఇంట్లో జరిగింది అదే.

*

మూడు గంటలకు తల్లి వచ్చింది. వస్తూనే వంటగదిలోకి వెళ్ళి నిలబడే రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. ఆమె చీర కొంగుకు ఆసుపత్రి వాసన.

"ఎలా ఉన్నాడు మావయ్య?"

"మాట్లాడాడు." తల్లి గ్లాసు బోర్లించింది. "పోలీసు ఎవరో వచ్చి అడిగితే చెప్పాడట, మా బావది ఏ తప్పూ లేదండీ, ముల్లు నిలువుగానే ఉంది, నేను కళ్ళారా చూశాను అని. ఎవరొచ్చి అడిగినా అదే చెప్తాను, బావకి భయపడొద్దని చెప్పక్కా అన్నాడు. ఒళ్ళంతా పుండై పడి ఉండి మీ నాన్నకి ధైర్యం చెప్పి పంపించాడు."

పెరట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఆ మాట తండ్రి చెవిన పడింది.

పంతులమ్మ తల దించుకుని పొయ్యి గట్టు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే తుడుస్తోంది. తల్లి కాసేపు చూసి, ఆ గుడ్డ లాగేసుకుంది.

"అత్తయ్య కూడా వస్తోంది. పిల్లకి చెప్పు తెగితే మలుపులో ఆగారు. ఆ కాగితం కోసం వస్తోంది. మేనేజరు ఆసుపత్రికి వచ్చి, మీ అన్నయ్య ఒక్క సంతకం పెడితే వైద్యం సంగతి అంతా తేలిపోతుందమ్మా అని చెప్పాడట దానికి. తేలిపోతుందట. పొద్దున్నుంచి పదిమందికి చెప్పుకుంది పిచ్చిది."

"అమ్మా, ఆ కాగితంలో..."

"వద్దు" అంది తల్లి. "నేను అడగను. అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే నేను వాడి మొహం చూడలేను, మీ నాన్న మొహమూ చూడలేను. ఇద్దరి మధ్యా తిరుగుతున్నదాన్ని నేను. నన్ను తెలియకుండానే ఉండనీ."

"తెలియకపోతే జరిగింది జరగకుండా పోతుందా?"

"నీకేం తెలుసే? నా బతుకంతా తెలియకుండానే గడిచింది. బస్సు ఎక్కడికి పోతుందో తెలియదు, నీ బడి కాగితాల మీద ఏం ఉంటుందో తెలియదు, వేలిముద్ర వేసిన చోట ఏం రాసుందో తెలియదు. అప్పుడెప్పుడూ నిన్నేం అడగలేదే నేను. ఇదొక్కటి అడుగుతున్నా." తల్లి గుడ్డ పిండి తీగ మీద ఆరేసి, పెదవులు బిగించి, ముందు గదిలోకి వెళ్ళి చాప పరిచింది.

*

అత్తయ్య, అంటే మావయ్య భార్య, రెడీమేడ్ చొక్కాలకు గుండీలు కుట్టే మనిషి. రోజంతా సన్నని కన్నాల్లోంచి దారం లాగి లాగి దేన్ని చూసినా కళ్ళు చికిలించడం అలవాటైంది. చాప అంచున కూర్చుని, కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. ఆ పిల్ల ఐదో తరగతి. సన్నగా, చురుగ్గా ఉంటుందని అందరూ పిచ్చుక అంటారు. తండ్రికి ఒళ్ళు కాలిన దగ్గర్నుంచి గలగలలన్నీ మానేసింది.

"అన్నయ్యా, కాగితం వచ్చిందట కదా" అంది అత్తయ్య.

తండ్రి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఔననలేదు, కాదనలేదు. తల్లి గడియారం వైపు చూడకుండా తలుపు వైపు చూసింది.

"ఏం వదినా, ఎవరూ మాట్లాడరు?" అత్తయ్య ఆడపడుచు వైపు తిరిగింది. "సంతకానికేమైనా అడ్డమా?"

"అడ్డమేముంటుందమ్మా" అంది తల్లి. "పంతులమ్మ చదవాలి కదా."

పంతులమ్మ స్టూలెక్కింది. కాగితం తీసి మడత విప్పింది. దిగి, అందరికీ ఎదురుగా నిలబడింది. ఎన్నోసార్లు ఇలాగే నిలబడి ఎందరికో ఏవేవో చదివింది. తను చదువుతుంటే వాళ్ళు నోళ్ళు కాస్త తెరుచుకుని వినడం ఆమెకు ఇష్టంగా ఉండేది. ఇప్పుడు ఆ నాలుగు మొహాలు చూస్తుంటే ఒకటే తట్టింది. తన నోట్లోంచి ఏది వస్తే అదే ఆ కాగితంలో ఉన్నది. పట్టుకునేవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరనుకుంది.

తండ్రి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"చదువమ్మా" అంది అత్తయ్య. "గట్టిగా చదువు. నాకు కాస్త బుర్రకెక్కాలి."

పంతులమ్మ గొంతు సవరించుకుంది.

"బాయిలరు గొట్టం బాగా పాతబడినందువల్ల పగిలిపోయింది" అని మొదలుపెట్టింది. గొంతు ఆమెకే పరాయిగా వినిపించింది. "ఆ సమయంలో పనిలో ఉన్న ఇద్దరూ తమ తమ పనులు జాగ్రత్తగానే చేస్తున్నారు. గాయపడిన కార్మికుడు కోలుకునే వరకూ అతని వైద్యం బాధ్యత కంపెనీ వహిస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

అక్కడ ఆపొచ్చు. కాగితం మీద ఇంకా సగానికి పైగా అక్షరాలున్నాయి. ఇంత కాగితానికి అంత కొంచెమేనా అనుకుంటారని భయమేసి, ఇంకేవేవో పెద్ద పెద్ద మాటలు ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ పోయింది. బళ్ళో పుస్తకాల్లో చదివినవి, నోటీసుల్లో చూసినవి, అన్నీ కలిపేసింది. చివర తేదీ చదివింది. తేదీ ఒక్కటే నిజం.

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు కాదు. నాలుగు రోజుల తర్వాత గట్టిగా ఊపిరి తీసుకుంటోంది.

"బాధ్యత వహిస్తుంది అన్నాడు కదూ" అంది. "వహిస్తుంది అంటే చూసుకుంటారనే కదూ?"

"ఊఁ" అంది పంతులమ్మ.

తల్లి కూతురి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. కన్నతల్లికి ఆ గొంతులో తేడా తెలియకపోదు. ఆమె చూపు తిప్పుకుంది. అడగనన్న మాట నిలబెట్టుకుంది.

"ఏదీ, ఇటివ్వు" అంది అత్తయ్య చెయ్యి చాపి. "మా పిచ్చుక కూడా చదువుతుంది. ఐదో క్లాసు కదా. వాళ్ళ నాన్నకి చెప్పుకోవాలి, నీ కాగితం నీ కూతురే చదివిందయ్యా అని. చదువమ్మా, మొదట్నుంచి చదువు."

కాగితం పంతులమ్మ చేతిలోంచి జారిపోయింది. పట్టుకుని ఆపడానికి ఒక్క కారణమైనా తోచలేదు. తండ్రి తల ఎత్తాడు. ఐదేళ్ళుగా బడికి పోతున్న పిల్ల. కూడబలుక్కుని అయినా ఒక్క వాక్యం చదివితే చాలు, ఆ ఇల్లు నిలువునా కూలిపోవడానికి.

పిచ్చుక కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది. పైనుంచి కిందిదాకా కళ్ళు నడిపింది. మధ్యలో ఒకచోట ఆగి కనుబొమలు ముడిచింది. వేలు ఆనించి మొదలుపెట్టింది.

"బాయిలరు గొట్టం బాగా పాతబడినందువల్ల పగిలిపోయింది."

పంతులమ్మకు తన చెవుల మీద నమ్మకం పోయింది.

"ఆ సమయంలో పనిలో ఉన్న ఇద్దరూ తమ తమ పనులు జాగ్రత్తగానే చేస్తున్నారు."

వేలు కాగితం పైన అచ్చువేసిన మిల్లు పేరు మీద ఉంది. అక్కణ్ణుంచి పక్కకు జరిగి, ఏ అక్షరమూ లేని అంచు మీద పాకింది. కళ్ళు మాత్రం ఎడమ నుంచి కుడికి, మళ్ళీ ఎడమ నుంచి కుడికి చక్కగా కదులుతున్నాయి. వాక్యం చివర తల కాస్త ఊపింది. ఎంతసేపు చూడాలో, ఎక్కడ ఆగాలో ఆ పిల్లకు తెలుసు.

ఆ సంగతి పంతులమ్మ కంటే ముందు తండ్రి పట్టాడు. ఆయన మొహం పాలిపోయింది. తను ఎవరికీ నేర్పని విద్య ఆ చిన్న మొహంలో ఆయనకు కనిపించింది. మూడు క్లాసులకు ఒకే గది, ఒకే టీచరు ఉన్న బడి అది. ఏడాదికొక మెట్టు చొప్పున పిల్లల్ని పైకి తోసేస్తారు. ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో అడిగే తీరిక అక్కడెవరికీ లేదు. నోటికి వచ్చినంత కాలం కంటికి రాకపోయినా గడిచిపోతుంది.

"గాయపడిన కార్మికుడు కోలుకునే వరకూ అతని వైద్యం బాధ్యత కంపెనీ వహిస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

"చాలమ్మా, చాలు" అంది అత్తయ్య కూతుర్ని గుండెకు హత్తుకుని. ఇప్పుడు నిజంగానే ఏడుస్తోంది. "నాకిక ఏ అనుమానమూ లేదన్నయ్యా. తప్పయితే క్షమించండి, పొద్దున ఆసుపత్రిలో ఎవరో అన్నారు, కంపెనీ కాగితం కదా, ఇంకొకరి చేత కూడా చదివించుకో అని. ఇద్దరూ చదివారు. ఒక్కటే మాట."

ఆమె పెన్ను కూడా తెచ్చుకుంది. తండ్రి చేతికి అందించింది.

తండ్రి పెన్ను పట్టుకుని కూతురి వైపు చూశాడు. నువ్వెలా చెప్తే అలా అన్నాడు కదా. పంతులమ్మ ఔననలేదు, కాదనలేదు. ఆమె మాట్లాడకపోవడమే ఆయనకు జవాబైంది. ఆయన సంతకం రాయడు, బొమ్మ వేస్తాడు. ఒక కొండ, దాని పక్కన ఒక కొక్కెం, కింద పొడుగ్గా ఒక గీత. అది నేర్పింది పంతులమ్మే. ఆ మూడూ వేసి పెన్ను కింద పెట్టాడు.

"మీ మేలు ఈ జన్మలో మరిచిపోనన్నయ్యా" అంది అత్తయ్య.

తండ్రి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి బ్రష్షు చప్పుడు మళ్ళీ వినిపించింది.

*

అత్తయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. రేపు పొద్దున్న మిల్లు మనిషి వచ్చేలోగా తెచ్చి ఇస్తానంది. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకుపోతుందట. మంచం పక్కన కూర్చుని ఆయనకు కూడా వినిపించాలట.

"రేపు వినిపించొచ్చు కదా" అంది తల్లి. ఆ ఒక్క మాటలోనే ఆమెకు అంతా తెలిసిపోయిందని పంతులమ్మకు అర్థమైంది.

"నాలుగు రోజులుగా నిద్ర లేదు వదినా మనిషికి. ఈ మాట వింటే కాస్త కళ్ళు మూస్తాడు" అంది అత్తయ్య. ఆడపడుచు చెయ్యి పట్టుకుని వీధి దాకా లాక్కుపోయింది.

ఆసుపత్రిలో నర్సులుంటారు. మందుల చీటీలు రాసే డాక్టరు ఉంటాడు. పక్క మంచం వాళ్ళ చుట్టాల్లో చదువుకున్నవాడు ఒక్కడైనా ఉంటాడు. పంతులమ్మ గడప దగ్గర నిలబడి వీళ్ళందర్నీ ఒక్కొక్కరినే తలుచుకుంటోంది. పరిగెత్తుకెళ్ళి కాగితం లాక్కోవాలనిపించింది. లాక్కుని ఏం చెప్పాలో తెలియలేదు.

వీధి చివర నుంచి పిచ్చుక వెనక్కి పరిగెత్తుకొచ్చింది. తెగిన చెప్పు చేతిలో ఉంది.

"వదినా" అంది రొప్పుతూ.

"ఏమైంది?"

ఆ పిల్ల చుట్టూ చూసి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించింది. "నువ్వు చదివేటప్పుడు నీ కళ్ళు కదల్లేదు. ఒక్క చోటే ఉన్నాయి. అలా ఉంచకూడదు వదినా. ఇటు నుంచి అటు జరుపుతూ ఉండాలి. లేకపోతే టీచరు పట్టేస్తుంది."

పంతులమ్మ ఆ పిల్ల చేతిలోని తెగిన చెప్పు వైపు చూసింది.

"నీకు కూడా రాదు కదా?" అంది పిచ్చుక. ఆ అడగడంలో వెక్కిరింత లేదు. తోడు దొరికిందన్న సంబరం ఉంది. "నేనెవరికీ చెప్పను. ఒట్టు. నువ్వు కూడా నా సంగతి అమ్మకి చెప్పకు. అమ్మ ఏడుస్తుంది."

"చెప్పను" అంది పంతులమ్మ.

"ఇప్పుడు ఆసుపత్రిలో నాన్నకి నేనే చదివి వినిపించాలట. ఈసారి మొత్తం చదవమంటోంది అమ్మ. సగమే పట్టుకున్నా నేను." పిచ్చుక కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఒక్కసారి వల్లె వేసుకుంది. కళ్ళు తెరిచింది. "‘ఇందులో ఎవరి తప్పూ లేదు’ దాకా వచ్చింది. ఆ తర్వాత ఏం చదివావు?"

వీధి చివర నుంచి అత్తయ్య పిలుస్తోంది. పంతులమ్మ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. కాగితంలో రాసి ఉన్నదైతే అక్షరం పొల్లుపోకుండా కళ్ళ ముందుంది. తను చదివింది మాత్రం ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"తొందరగా చెప్పు వదినా" అంది పిచ్చుక. "నాన్న ఎదురుచూస్తుంటాడు."